చెరువు నుండి వదిలిన నీరు

ప్రత్యేక సంచికకు పాత సంగతి ఏదైనా వ్రాయమని సంపాదకులు కోరగా, మనలో కొందరు పోగొట్టుకున్న డబ్బు సంగతే గుర్తుకు వచ్చింది.

1990 తర్వాత నెల్లూరు జిల్లాలో రొయ్యల చెరువుల మోజు ఎంతగా ఉండేదో మీకు తెలియనిది కాదు. రిటైరైన మా బావగారు గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము రెండూ టైగర్ రొయ్యల మీద పెట్టారు. కృష్ణపట్నం వద్ద సముద్రంలో కలిసే కండలేరు క్రీకు పొడవునా (డ్యాం వేరు, ఇది ఉప్పుటేరు) చెరువు పక్కన చెరువు తవ్వారు. ఇంజన్లు క్రీకులో నీరు తోడేవి. తూములు వాడిన నీటిని అదే క్రీకులోకి వదిలేవి. అందులో మిగిలిపోయిన మేత, రొయ్యల విసర్జన, వాటి నుండి పుట్టిన అమ్మోనియా. పట్టుబడి నాడు అడుగు నుండి వచ్చే చివరి నీరైతే చిక్కటి బురదే. ఆటుకు ఎగువవారిది దిగువకు, పోటుకు దిగువవారిది ఎగువకు!

1994లో తెల్లమచ్చ వ్యాధి వచ్చింది. అది వైరస్. రోగం తగిలిన చెరువును కంగారుగా క్రీకులోకి ఖాళీ చేసేవారు. పక్కవారు ఆ నీరే తోడుకునేవారు. వారంలో మా బావగారి చెరువు పోయింది. ఆయన సీడ్ అమ్మినవాణ్ణి తిట్టారు, తూమును తిట్టలేదు. తానూ అదే తూము ఎత్తారు గదా.

ఆ ఏడాదే తమిళనాడు సర్వోదయ నాయకులు ఎస్. జగన్నాథన్ గారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. తీర ప్రాంత నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువులను 1997 మార్చి 31 లోగా తొలగించాలని, పాడుచేసినవారే నష్టం భరించాలని 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది. చెరువులు పూర్తిగా తొలగలేదు. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి, వాటిని రిజిస్ట్రేషన్ కిందకు తెచ్చింది. 5 హెక్టార్లు, ఆపైన ఉన్న ఫారాలకు వదిలే నీటిని శుద్ధి చేయడం తప్పనిసరి అయింది.

ఇందుకు పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు. ఒక గుంటలో నీరు నిలిపితే బురద పేరుకుంటుంది. రెండవ దానిలో ఆల్చిప్పలు, సముద్రపు నాచు మిగిలిన మలినాన్ని పీల్చుకుంటాయి. ఆపైన గాలి ఆడించి వదలడమే. కావలసింది స్థలం, సుమారు పదో వంతు. రెండెకరాల వారు అప్పట్లో ఈ నిబంధనలోకి రాలేదు. వెయ్యిమంది వదిలినా క్రీకు మాత్రం ఒక్కటే.

ఆ పదో వంతు విడిచిపెట్టమంటే ఆనాడు మా బావగారు ఒప్పుకునేవారా? ఒప్పుకోరు. అక్కయ్య గాజులు కుదువబెట్టి తవ్వించిన గుంట అది. తర్వాత అందులో వరి వేద్దామని రెండేళ్ళు ప్రయత్నించారు. నేల మీద ఉప్పు తేలింది.