పాతటైరు – పునర్జన్మము



మన యేలూరు, తాడేపల్లిగూడెపు సీమలలో ఇనుపకమ్మి దిగిన చెక్కచక్రములు తొలగి, టైరుబండ్లు వచ్చుట మీలో పెక్కురు చూచినవారే. అరిగిన టైరును చెప్పులుగా కోయించుకొని తొడిగినవారును గలరు. ఆ టైరును ఇనుమువలె కరగించి మరల పోత పోయరాదా యను ప్రశ్నకు చరిత్రయే సమాధానము చెప్పుచున్నది.

పచ్చిరబ్బరు ఎండకు జిగురై, చలికి బిరుసెక్కెడిది. 1839లో అమెరికా దేశీయుడగు చార్లెస్ గుడ్‌ఇయర్ దానికి గంధకము కలిపి కాచి యా దోషమును పోగొట్టెను. 1888లో డన్లప్ గాలిటైరును వెలయించెను. ఉపకారము చేసిన గుడ్‌ఇయర్ మాత్రము 1860లో అప్పులతోనే కన్నుమూసెను.

నేను వ్యాకరణము చెప్పినవాడను గనుక నా పరిభాషలోనే చెప్పెదను. రబ్బరులోని పొడవైన అణుమాలికలు విడివిడి పదములు. గంధకము వానికి సంధి కూర్చినది. పదసంధిని బాలుడైనను విడదీయును. ఈ సంధి యట్లు విడదు; మిక్కిలి కాచినచో ముడితోబాటు మాలికయు తెగును. 1899లో ఆర్థర్ మార్క్స్ పాతరబ్బరును కాస్టిక్ సోడాతో, ఆవిరి యొత్తిడిలో నుడికించి మెత్తబరచెను గాని, దానికి క్రొత్తరబ్బరు బలము రాలేదు.

ప్లాస్టికు సంచులు, బిందెలు కరిగి మరల పోతకు లొంగును. కాని రబ్బరువలె సాగి స్వస్థితికి రావు. ఈ రెండు గుణములను 1981లో మాన్‌శాంటో కంపెనీవారి శాంటోప్రీను ఒకటిగా చూపెను. కరుగు ప్లాస్టికులో గట్టిపడిన రబ్బరు కణములు పొదిగియుండుటయే దాని మర్మము. అది క్రొత్తరబ్బరుతో చేసినది. పాతటైరు పొడిని పాతప్లాస్టికుతో కలిపినచో రెండును సరిగా అంటుకొనక, సరిహద్దున తెగును. అందుచే పొడి పైపొరలోని గంధకపు ముడులను కొంత సడలించియో, ఉభయమును పెనవేయు మూడవ ద్రవ్యమును చేర్చియో అతుకుదురు.

2002లో రామ్‌సర్ పట్టికకెక్కిన మన కొల్లేటికి ఏరులు నీటితోబాటు మనము పారవేసినదానిని గూడ మోసికొనిపోవును. టైరులో నిలిచిన వాననీరు దోమలకు పురుడిల్లు. కాల్చిన టైరు పొగ విషము. 2022లో భారత ప్రభుత్వము పాతటైర్ల బాధ్యతను తయారీదారులపై, దిగుమతిదారులపై మోపినది. మనవంతు చిన్నది: టైరును కాల్చక, నీరు నిలువనీయక కొనువాని కప్పగింపుడు, ప్లాస్టికును బురద లేక, రకమువారీగా వేరుచేయింపుడు. కలగాపులగమైన సరకునుండి బలమైన వస్తువు పుట్టదు.