పార్కులో రోడ్డు

మా కాలనీ పార్కు మధ్యలోంచి రోడ్డేస్తారట. మొన్న మీటింగు పెడితే పదిమంది కూడా రాలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ వెళ్ళలేదు.

న్యూయార్క్‌లో వాషింగ్టన్ స్క్వేర్ పార్కుకీ ఇదే ముప్పొచ్చింది. 1952లో పార్కుల కమిషనర్ రాబర్ట్ మోజెస్ అందులోంచి పెద్ద రోడ్డు వేద్దామనుకున్నాడు. నలుగురు పిల్లల తల్లి షర్లీ హేస్ ఇరుగుపొరుగుని కూడగట్టింది. కొత్త రోడ్డు సరే, అప్పటికే పార్కులో ఉన్న దారిని కూడా మూసెయ్యమంది! జేన్ జేకబ్స్ లాంటివాళ్ళు తోడయ్యారు. ఆరేళ్ళపాటు సంతకాలు, ఉత్తరాలు, మీటింగులు.

చివరికి 1958లో ట్రయల్‌గా కార్లు ఆపారు. చుట్టుపక్కల ట్రాఫిక్ స్తంభిస్తుందని భయపెట్టినవాళ్ళున్నారు. అదేం జరగలేదు. తర్వాత బస్సులూ ఆగాయి. మన భాషలో చెప్పాలంటే, టెస్టింగ్‌లో పాసైంది. కానీ టెస్టింగ్ దాకా లాక్కొచ్చింది ఆ ఆరేళ్ళ ఓపికే కదా!

వచ్చే ఆదివారం మళ్ళీ మీటింగుంది. ఈసారి వెళ్తున్నా.