నవ్వమని చెప్పని హాస్యం

హాస్యరసానికి వికృతవేషం, వికృతాలంకారం విభావాలని భరతముని నాట్యశాస్త్రంలో చెప్పాడు. ముప్పై ఏళ్లు ఆ లక్షణాన్ని వల్లె వేయించిన నేను, దానికి ఇంత చక్కని లక్ష్యం అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ఒక చిన్న ఊరి బడిలో దొరుకుతుందని ఊహించలేదు. సెలవులకు వచ్చిన మా మనవడి పుణ్యాన "నెపోలియన్ డైనమైట్" చిత్రం చూశాను.

ఎర్రని ఉంగరాల జుట్టు, అరమోడ్పు కన్నులు, మంచులో తొడిగే లావు బూట్లు. ఇదీ కథానాయకుడి అవతారం. దారం కట్టిన బొమ్మను బడి బస్సు కిటికీలోంచి విసిరి, రోడ్డు వెంట ఈడ్చుకుపోతాడు. బంగాళాదుంప వేపుళ్లు జేబులో దాచుకొని పాఠం జరుగుతుండగా తింటాడు. ఎందుకో చిత్రం చెప్పదు.

కౌమారవయస్కుల హాస్యచిత్రాలకు అమెరికాలో 1980ల దశకం పంటకాలం. 1985లో వచ్చిన "బ్రేక్‌ఫస్ట్ క్లబ్"లో, ఎవరితోనూ కలవని వింతపిల్లను తోటి బాలిక ముస్తాబు చేసి అందరిలాంటిదాన్ని చేస్తుంది. అప్పుడుగాని ఒక కుర్రవాడి చూపు ఆమెపై నిలవదు. అదే ఏటి "బెటర్ ఆఫ్ డెడ్"లో, పత్రికలు వేసే పిల్లవాడు రెండు డాలర్ల బాకీ కోసం మంచుకొండ మీద కూడా సైకిలుతో వెంటబడతాడు. అసంబద్ధత అప్పటికే ఉన్నదన్నమాట. అయితే ఆ కథానాయకుడు కూడా పందెం గెలిచి తీరవలసిందే.

జేరెడ్ హెస్ తన భార్య జెరూషాతో కలిసి కథ వ్రాసి, తాను చదువుకున్న ప్రెస్టన్‌లోనే 4 లక్షల డాలర్లతో తీసిన ఈ చిత్రం 2004లో విడుదలై 4 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించింది. ఇందులో నెపోలియన్‌ను ఎవరూ సంస్కరించరు. ఇక్కడ నవ్వండి అని సైగ చేసేవారూ లేరు. నవ్వాలో జాలిపడాలో మనమే తేల్చుకోవాలి. 2006లో నెట్‌ఫ్లిక్స్ సంస్థ ప్రేక్షకుల అభిరుచిని ముందుగా లెక్కగట్టే పద్ధతికి 10 లక్షల డాలర్ల బహుమతి ప్రకటిస్తే, పోటీదారులను అమితంగా తికమకపెట్టిన చిత్రాల్లో ఇదొకటి. కొందరు నెత్తికెత్తుకున్నారు, కొందరు విసుక్కున్నారు. గొంతు మారే వయసులో తన మాట తనకే వింతగా వినిపించే పిల్లవాడికి మాత్రం ఈ తికమక కొత్తేమీ కాదు. మా మనవడు ఎక్కడా తడుముకోలేదు.

నెపోలియన్ నోటుపుస్తకంలో సింహానికీ పులికీ పుట్టిన లైగర్‌ను గీస్తాడు. (2022లో ఆ పేరుతో మన చిత్రమూ వచ్చింది లెండి.) అక్కడ నాకు నవ్వు ఆగిపోయింది. ఒకనాడు నేను ఛందస్సు చెబుతుండగా, ఒక విద్యార్థి పుస్తకం అంచున ఏనుగు తొండమున్న చేపను గీస్తూ దొరికాడు. పుస్తకం ఎత్తి తరగతి అంతటికీ చూపించాను. అందరూ నవ్వారు, అందరికంటె ముందు నేను. గుడిలో మకరతోరణంపై ఆ ప్రాణికే రోజూ నమస్కరించేవాణ్ణి. ఆ సంగతి ఆనాడు తోచలేదు. ఆ పిల్లవాడు మళ్లీ నా తరగతిలో బొమ్మ గీయలేదు.

చిత్రం చివర, బడి ఎన్నికల్లో నిలబడిన మిత్రుడు పేద్రో కోసం నెపోలియన్ ఒంటరిగా వేదికపై నర్తిస్తాడు. పాట ఆగగానే దిగి పారిపోతాడు. సభ ఒక్క క్షణం నిశ్శబ్దంగా ఉంటుంది. చప్పట్లు ఆ తరువాతనే మొదలవుతాయి.