అత్తయ్య రేడియో, మావాడి కంప్యూటర్

మా అత్తయ్యకి పొద్దున్నే రేడియో వినడం అలవాటు. విజయవాడ కేంద్రం భక్తిగీతాలు, ప్రాంతీయ వార్తలు వినిపించకపోతే ఆవిడకి కాఫీ గొంతు దిగదు. రెండేళ్ల కిందట మావాడి చదువు కోసం కంప్యూటర్ కొని హాల్లో పెట్టాం. సరిగ్గా రేడియో ఉండే అలమర పక్కనే. కొన్నాళ్లకి రేడియో గరగరలాడటం మొదలైంది.

"పాతదైపోయిందిలెండి అత్తయ్యా" అన్నాను నేను, వంటింట్లోంచే.

"రేడియో కాదేమోనే, నా చెవులే పాడైనట్టున్నాయి" అన్నారావిడ. ఆ తర్వాత రేడియో పెట్టడమే మానేశారు. నేనూ పట్టించుకోలేదు. పాత సామాన్లవాడు వస్తే ఇచ్చేద్దామని పక్కన కూడా పెట్టాను.

ఒకరోజు సాయంత్రం కరెంటు పోయింది. చీకట్లో ఏం తోచక అత్తయ్య ఆ రేడియో తీసి తిప్పారు. బ్యాటరీలతో నడిచేదే కదా. వార్తలు గంట కొట్టినట్టు వినిపించాయి! కాసేపటికి కరెంటొచ్చింది, మావాడు కంప్యూటర్ ఆన్ చేశాడు. అంతే, మళ్లీ గర్ర్‌ర్ర్...

"నా చెవులు బాగానే ఉన్నాయే అమ్మాయ్" అన్నారు అత్తయ్య. నాకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఆవిడ చెవుల్నీ, రేడియోనీ అనుమానించానే గానీ, కొత్తగా వచ్చిన వస్తువు వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

అసలు కారణమేంటని వెతికితే తెలిసింది, ఈ తగవు మా ఇంట్లో పుట్టింది కాదని. దీనికి దాదాపు యాభై ఏళ్ల చరిత్ర ఉంది.

1975లో అమెరికాలో ఆల్టెయిర్ 8800 అనే చిన్న కంప్యూటర్ వచ్చింది. తెర లేదు, కీబోర్డూ లేదు. ముందువైపు స్విచ్చులూ, దీపాలూ మాత్రమే. కాలిఫోర్నియాలో సరదాగా కంప్యూటర్లు కట్టుకునేవాళ్ల సంఘం ఒకటుండేది. స్టీవ్ డాంపియర్ అనే సభ్యుడు తన ఆల్టెయిర్ దగ్గర చిన్న రేడియో పెట్టుకుని చూస్తే అది కంప్యూటర్ పనిని బట్టి రకరకాలుగా గీపెడుతోంది. ఆ గోలనే వరసగా పేర్చి, సంఘం సమావేశంలో బీటిల్స్ పాట ఒకటి రేడియోలోంచి వినిపించాడు. అందరూ చప్పట్లు కొట్టారట. మా అత్తయ్యని ఏడిపించిన గరగర వాళ్లకి సంగీతం!

ఇంతకీ ఆ గోల ఎందుకొస్తుందంటే, కంప్యూటర్ లోపల సెకనుకి లక్షలసార్లు కరెంటు ఆగుతూ సాగుతూ ఉంటుంది. అలా కొట్టుకునే కరెంటు రేడియో తరంగాల్ని పుట్టిస్తుంది. దానికున్న తీగలు యాంటెన్నాల్లా ఆ తరంగాల్ని గదంతా చల్లుతాయి. పక్కనున్న రేడియోకి ఏది స్టేషనో, ఏది గోలో తెలియదు. రెండూ వినిపిస్తుంది.

1977లో కంప్యూటర్లు మామూలు ఇళ్లలోకి వచ్చేశాయి. యాపిల్ 2, కమొడోర్ పెట్, టీఆర్ఎస్-80 (మన పార్టీ కాదండోయ్, కంప్యూటరే) మూడూ ఆ ఏడాదివే. టీఆర్ఎస్-80 మొదటి మోడల్ ప్లాస్టిక్ డబ్బాలో ఉండేది. దానికి తగిలించుకునే అదనపు పెట్టెకి వెళ్లే తీగల పట్టీకి ఏ తొడుగూ లేదు. దాంతో దగ్గర్లోని రేడియోలకీ టీవీలకీ ఒకటే గోల. ఆ కంప్యూటర్‌కి సొంతంగా శబ్దం చేసే ఏర్పాటు లేదు కాబట్టి, కొన్ని ఆటల్లో చప్పుళ్లు వినాలంటే పక్కన రేడియో పెట్టుకునేవారు కూడా.

కానీ గోడవతలి వాళ్ల సంగతేంటి? కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకి ఆ గోల వినపడదు. వినపడేవాళ్లకేమో అదెక్కణ్ణుంచి వస్తోందో తెలియదు. తమ టీవీ పాడైందనే అనుకుంటారు, మా అత్తయ్యలాగే.

చివరికి అమెరికా ప్రభుత్వ సమాచార కమిషన్ 1979లో నియమాలు పెట్టింది. కంప్యూటర్లని రెండు తరగతులు చేసింది. ఆఫీసులకీ ఫ్యాక్టరీలకీ ఒకటి, ఇళ్లకి ఒకటి. ఇళ్లలో వాడేవాటికే కట్టుబాట్లు ఎక్కువ. ఎందుకంటే ఇళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, పక్కింటి టీవీ గోడకి అవతలే ఉంటుంది. 1981 జనవరి వచ్చేసరికి టీఆర్ఎస్-80 మొదటి మోడల్ ఆ కట్టుబాట్లకి లొంగక ఆగిపోయింది. దాని స్థానంలో అన్నీ ఒకే పెట్టెలో ఇమిడిన మూడో మోడల్ వచ్చింది. అటారీ 800 అయితే టీవీకి తగిలించేది కాబట్టి, లోపల మందపాటి అల్యూమినియం కవచంతోనే పుట్టింది.

ఆ కమిషన్ రాయించిన హెచ్చరిక ఇప్పటికీ చాలా కంప్యూటర్ల అడుగున ఉంటుంది. అందులో రెండు షరతులు: ఇది ఇతరులకి హాని చేయకూడదు, ఇతరుల నుంచి వచ్చేది ఏదైనా భరించాలి. చదివి నవ్వుకున్నాను. అత్తారింటికి పంపేటప్పుడు మా అమ్మ నాకు చెప్పినవీ ఇవే కదా!

ఇంకో ముచ్చట. కొన్ని కేబుళ్ల చివర చిన్న డోలులాంటి ఉబ్బు చూశారా? అందులో ఉండేది ఫెర్రైట్. 1930లో టోక్యోలో కాటో, టాకేయ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కనిపెట్టిన పదార్థం. మామూలు కరెంటుని పోనిచ్చి, గోలని మాత్రం అడ్డుకుంటుంది. తమాషా ఏంటంటే, అత్తయ్య రేడియో లోపల స్టేషన్‌ని పట్టుకునే నల్ల కడ్డీ కూడా ఫెర్రైటే.

ఇక మా ఇంటి సంగతి. కంప్యూటర్ వస్తువుల ప్లగ్గులు ఒక్కొక్కటే తీసి విన్నాం. అసలు దొంగ మానిటర్ అడాప్టర్! చవగ్గా కొన్న నాసిరకం సరుకు. దాన్ని మార్చేశాం. కొత్తదాని తీగని రెండు చుట్లు తిప్పి ఫెర్రైట్ క్లిప్ తగిలించాం. రేడియోని అత్తయ్య గది కిటికీ దగ్గరికి చేర్చి, అటూ ఇటూ తిప్పి, గోల తగ్గే వైపుకి పెట్టాం. లోపలి కడ్డీ వల్ల రేడియో ఒక్కో వైపు ఒక్కోలా వింటుంది మరి. మీరూ ఇవన్నీ చేసి చూడొచ్చు. అడాప్టర్లని మాత్రం విప్పకండి, షాక్ కొడుతుంది.

గరగర పూర్తిగా పోలేదు గానీ, వార్తలు హాయిగా వినిపిస్తున్నాయి. పొద్దున పూట మావాడు కంప్యూటర్ పెట్టేముందు, "నానమ్మా, వార్తలైపోయాయా?" అని అడుగుతున్నాడు. అలా అడగమని వాడికి నేను చెప్పలేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు వినడం మానేసిన రేడియో ఏదైనా ఉంటే, పాత సామాన్లవాడికి ఇచ్చేముందు ఒక్కసారి మెయిన్ ఆపేసి పెట్టి చూడండి.