రంగు దిగే టిష్యూ కాగితంతో శుభాకాంక్షల పత్రాలు

రంగు దిగే టిష్యూ కాగితాన్ని తడిపి, ఆ రంగును తెల్లని దళసరి కాగితంపైకి దింపి శుభాకాంక్షల పత్రాలను (గ్రీటింగు కార్డులను) చేతితో తయారు చేయవచ్చును. దీనికి రంగుల పెట్టె అవసరం లేదు. అయితే ఏ గుణం వలన ఈ రంగు సులభంగా దిగుతుందో, ఆ గుణం వలననే పత్రం సులభంగా చెడిపోతుంది కూడా.

నేపథ్యం

1843లో లండనులో హెన్రీ కోల్ కోరికపై జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ చిత్రించిన క్రిస్మస్ కార్డును వ్యాపార సరళిలో అచ్చయిన మొదటి క్రిస్మస్ కార్డుగా పరిగణిస్తారు. దానిని ముద్రించిన తరువాత రంగులు చేతితోనే వేశారు.

రంగు దిగడానికి కారణం

ఈ రకం కాగితానికి నీటిలో కరిగే అద్దకపు రంగు వాడతారు. అది కాగితపు నారలను గట్టిగా పట్టుకొని ఉండదు. తడి తగలగానే కరిగి, కేశనాళికీయత వలన అడుగునున్న కాగితంలోకి వ్యాపిస్తుంది. బహుమతులు చుట్టే టిష్యూ కాగితాలలో అనేకం రంగు దిగనివి. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి కనుక, ముందుగా చిన్న ముక్కను తడిపి తెల్లకాగితంపై అద్ది చూడాలి. గాలిపటాలకు వాడే పలుచని కాగితాలలో కూడా కొన్ని తడిస్తే రంగు వదులుతాయి.

తయారీ విధానం

* నీటిరంగుల చిత్రాలకు వాడే దళసరి కాగితం (చదరపు మీటరుకు 200 నుండి 300 గ్రాములు) మేలు. పలుచని కాగితం తడికి ముడతలు పడుతుంది.
* తెల్లగా మిగలవలసిన పేరును గానీ, పువ్వును గానీ ముందుగా కొవ్వొత్తితో గీయాలి. మైనం ఉన్నచోట రంగు అంటదు.
* టిష్యూ కాగితాన్ని 2, 3 సెంటీమీటర్ల ముక్కలుగా చింపి పేర్చి, కుంచెతో నీరు అద్దాలి. నీరు నిలువ ఉండరాదు.
* పసుపు, ఎరుపు కలిసినచోట నారింజ రంగు, పసుపు, నీలం కలిసినచోట ఆకుపచ్చ వస్తాయి. ఎరుపు, ఆకుపచ్చలను పక్కపక్కన ఉంచితే మురికి గోధుమ రంగు ఏర్పడుతుంది.
* పూర్తిగా ఆరిన తరువాత ముక్కలను తీసివేసి, పత్రం వంకర తిరిగితే బరువైన పుస్తకం కింద ఉంచాలి. ఆపైన మడిచి, బాల్ పెన్నుతో సందేశం వ్రాయాలి.

జాగ్రత్తలు

ఈ రంగు చేతులకు, నూలు బట్టలకు అంటుతుంది. కనుక బల్లపై పాత వార్తాపత్రికలు పరచుకోవాలి.

భద్రపరచడం

ఆరిన తరువాత కూడా ఈ రంగు నీటిలో కరిగే గుణాన్ని కోల్పోదు. ఒక్క నీటిచుక్క పడినా మరక ఏర్పడుతుంది. వెలుతురుకు కూడా ఇది వెలిసిపోతుంది. "ది వెరీ హంగ్రీ కాటర్‌పిల్లర్" (1969) చిత్రకారుడు ఎరిక్ కార్ల్ (1929–2021) టిష్యూ కాగితాలపై తానే అక్రిలిక్ రంగులు వేసుకొని, వాటిని కత్తిరించి బొమ్మలుగా అతికించేవాడు. అక్రిలిక్ రంగు ఆరితే మళ్ళీ నీటిలో కరగదు. రంగు దిగే కాగితంతో చేసిన పత్రానికి ఆ రక్షణ లేదు. అందువలన పిల్లలు చేసి ఇచ్చిన పత్రాన్ని గోడకు తగిలించడం కంటే, తడి, ఎండ సోకని చోట రెండు తెల్లకాగితాల నడుమ దాచడం మంచిది.