వేట రైఫిలు (బోల్టు తుపాకీ)

బోల్టు రైఫిలు అనగా గొట్టం వెనుక భాగాన్ని తలుపు గడియ వలె చేతితో తెరచి, మూసి, ఒక్కొక్క తూటాను ఎక్కించుకొనే తుపాకీ. గొట్టం లోపల మెలితిరిగిన గాళ్లు ఉండుట వలన గుండు తన చుట్టూ తాను తిరుగుతూ సూటిగా పోతుంది. ప్రపంచమంతటా వేటగాళ్లు ఎక్కువగా వాడే రైఫిలు ఇదే. భారతదేశంలో వన్యప్రాణుల వేట నిషిద్ధం కనుక ఇక్కడ "వేట రైఫిలు" అనే మాట తుపాకీ రకాన్ని తెలిపేదే గాని, దాని ఉపయోగాన్ని తెలిపేది కాదు. కొనదలచినవారు ముందుగా గ్రహించవలసిన విషయం ఇది.

నిర్మాణం

బోల్టు పద్ధతికి 19వ శతాబ్దంలో ప్రష్యాకు చెందిన డ్రైసె తుపాకీ నాంది పలికింది. నేటి బోల్టు రైఫిళ్లలో అధిక భాగం జర్మనీకి చెందిన పౌల్ మౌజర్ 1898లో స్థిరపరచిన నమూనా నుండి పుట్టినవి. ఇందులో గడియను బిగించే కొమ్ములు ముందు వైపు, తూటాకు దగ్గరగా ఉంటాయి. జేమ్స్ పారిస్ లీ రూపొందించిన లీ-ఎన్‌ఫీల్డు పద్ధతిలో ఇవి వెనుక వైపు ఉంటాయి. మౌజర్ గడియ ఎక్కువ దృఢమైనది, లీ గడియ ఎక్కువ వేగంగా ఆడుతుంది. .303 లీ-ఎన్‌ఫీల్డు మన పోలీసుల చేతిలో కొన్ని దశాబ్దాల పాటు ఉన్నది. ఉత్తరప్రదేశ్ పోలీసులు దీనిని 2020 జనవరిలో గాని విరమించలేదు.

చరిత్ర

బ్రిటిషు పాలనలో పెద్ద జంతువుల వేట జమీందారులకు, దొరలకు వినోదం. విజయనగరం రాజకుమారుడు, క్రికెట్ క్రీడాకారుడు విజ్జీ 300కు పైగా పులులను చంపారని ప్రతీతి. 1907లో కుమావూ ప్రాంతపు చంపావత్ నరభక్షక పులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా వచ్చినది .275 రిగ్బీ బోల్టు రైఫిలు.

సైన్యం వాడే తూటాలు ప్రజల చేతికి చిక్కరాదని నాటి ప్రభుత్వం భావించింది. 1907లో .450 బోరు తుపాకుల దిగుమతిని నిషేధించింది. నేటికీ .303 వంటి సైనిక బోర్లు పౌరులకు నిషిద్ధ శ్రేణిలోనే ఉన్నవి. మన దేశంలో .315 బోరు ఇంతగా వ్యాపించుటకు కారణం దాని శ్రేష్ఠత కాదు, ఈ నిషేధమే.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తొలుత కొన్ని జంతువుల వేటకు లైసెన్సులు ఇచ్చే ఏర్పాటును ఉంచింది. 1991 సవరణతో అదీ తొలగిపోయింది.

లైసెన్సు, పంట రక్షణ

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలం ఒక వైపు జాతీయ రహదారి, మరొక వైపు బంగాళాఖాతం గల మైదాన ప్రాంతం. ఇటువంటి చోట రైతుకు తుపాకీ అవసరమని అనిపించేది సాధారణంగా అడవి పందుల వలన. అయితే పంట రక్షణకు చట్టం చూపే ఆయుధం రైఫిలు కాదు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షను ప్రకారం నిజమైన పంట రక్షణకు మొదట ఇచ్చేది మూతి నుండి మందు కూరే తుపాకీకి లైసెన్సు. అది చాలదని అధికారి తృప్తి చెందితే, 20 అంగుళాలకు తక్కువ కాని గొట్టం గల, గాళ్లు లేని నున్నని గొట్టపు తుపాకీకి ఇవ్వవచ్చు. రైఫిలు కావాలంటే తగిన కారణం చూపి అధికారిని ఒప్పించాలి. రైఫిల్ క్లబ్బు సభ్యులకు గురి అభ్యాసం కొరకు .22 రైఫిలుకు వేరే ఏర్పాటు కలదు.

ఈ క్రమంలో వివేకం లేకపోలేదు. .30-06 రైఫిలు గుండు అడ్డు లేకుంటే మూడు కిలోమీటర్లకు పైగా పోగలదు. ఊరి ప్రక్కనే ఊరు ఉన్న తీర మైదానంలో, రాత్రివేళ, పంది వెనుక ఏమున్నదో తెలియకుండా రైఫిలు పేల్చుట ప్రమాదకరం. నున్నని గొట్టపు తుపాకీ రవ్వలకు అంత దూరం పోయే శక్తి లేదు.

లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. వన్యప్రాణి చట్టం 11వ సెక్షను క్రింద అధీకృత అటవీ అధికారి నుండి వ్రాతపూర్వక అనుమతి ఉండాలి. ఎలుగుబంటి, ఏనుగు వంటి వాటి విషయంలో రైతు తుపాకీకి అసలు తావు లేదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి ప్రాంతంలో ఎలుగుబంటి దాడిలో ఒకరు మరణించి పలువురు గాయపడినపుడు, అటవీ సిబ్బంది దానిని మత్తుమందుతో పట్టుకున్నారు. పిమ్మట అది మరణించింది. కొందరు రైతులు పొలం గట్ల మీద విద్యుత్ తీగలు కట్టుట తుపాకీ కంటే ఘోరమైన పని. వీటికి తగిలి మనుషులు మరణించిన సంఘటనలు రాష్ట్రంలో అనేకం.

లైసెన్సు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేటు. దరఖాస్తుదారుకు 21 సంవత్సరాలు నిండాలి. 2019 సవరణ తరువాత ఒకరు రెండు ఆయుధాలకు మించి ఉంచుకొనరాదు, లైసెన్సు గడువు అయిదేళ్లు. ఎన్నికల సమయంలో ఆయుధాన్ని పోలీసు స్టేషనులో అప్పగించవలసి రావచ్చు.

బోరు ఎంపిక

లైసెన్సుదారుని ముందు ఉన్న ఎంపిక చాలా చిన్నది. 1980ల మధ్య నుండి సామాన్య పౌరులకు విదేశీ తుపాకుల దిగుమతి మూతబడింది. పేరొందిన షూటర్లకు మాత్రం మినహాయింపులు కలవు. అందుకే పూర్వం వచ్చిన పాత విదేశీ రైఫిళ్లు చేతులు మారేటప్పుడు అధిక ధర పలుకుతాయి. కొత్తది కావాలంటే ముఖ్యమైన పేరు పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం. అక్కడ 1904 నుండి రైఫిళ్లు తయారవుతున్నాయి. 2021 అక్టోబరు 1న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డు రద్దయి ఏడు కంపెనీలుగా ఏర్పడినపుడు ఇది కాన్పూరు కేంద్రంగా గల అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ క్రిందకు వచ్చింది.

ఈ కర్మాగారపు .315 స్పోర్టింగ్ రైఫిలు లీ-ఎన్‌ఫీల్డు గడియతో, అయిదు తూటాల అరతో వస్తుంది. దీని తూటా 8 మిల్లీమీటర్ల పాత మాన్‌లిచర్ తూటాకు వారసురాలు. మొరటుగా ఉన్నా మొండిది. .30-06 స్పోర్టింగ్ రైఫిలు దీనికంటే శక్తివంతమైనది, గుండు సూటిగా ఎక్కువ దూరం పోతుంది, భుజాన్ని కూడా ఎక్కువగా తన్నుతుంది. రెండింటిలో ఏది కొన్నా, ఆ బోరు తూటాలు తన ప్రాంతపు లైసెన్సు గల దుకాణంలో దొరుకుతాయో లేదో ముందు విచారించుట మంచిది. తూటాలు దొరకని రైఫిలు గోడకు అలంకారం.

స్టాక్

గొట్టాన్ని, గడియను మోసే కర్ర భాగమే స్టాక్. భుజానికి ఆనే దాని చివరను మడమ అంటారు. కొనుగోలుదారులు బోరు గురించి ఎంతో ఆలోచించి దీనిని పట్టించుకొనరు. నిజానికి గురి కుదిరేది చాలావరకు దీని వలననే.

మొదట చూడవలసినది పొడవు. మోచేతిని మడచి, ఆ మడతలో మడమను ఆనించినపుడు చూపుడు వేలి మొదటి కణుపు ట్రిగ్గరును అందుకోవాలి. సాధారణంగా ఈ పొడవు 34 సెంటీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. పొట్టివారికి ఇది ఎక్కువై, తుపాకీని భుజానికి ఎత్తేటప్పుడు మడమ చొక్కాకు తట్టుకుంటుంది. మరీ తక్కువైతే తన్నినపుడు బొటనవేలు ముక్కుకు తగులుతుంది. ఎక్కువైన కర్రను కోయించవచ్చు, తక్కువైన దానికి రబ్బరు దిండు వేయవచ్చు. తరువాత చూడవలసినది చెక్కిలి ఆనే చోటు. కళ్లు మూసుకొని తుపాకీని భుజానికి ఎత్తి, చెంపను ఆనించి కళ్లు తెరిస్తే గురి గుర్తులు ఎదురుగా కనబడాలి. మెడ సాచి వెతకవలసి వస్తే ఆ స్టాక్ ఆ మనిషికి తగినది కాదు. ఎడమచేతి వాటం వారికి కుడి వైపు ఉండే గడియ పిడి ఇబ్బంది కలిగిస్తుంది. ఈ పరీక్షలన్నీ దుకాణంలో, ఖాళీ తుపాకీతో, గది ఖాళీగా ఉన్నదని స్వయంగా చూసుకొన్న తరువాతనే చేయాలి.

కర్రలలో అక్రోటు చెక్కది అగ్రస్థానం. బిగువుగా ఉంటుంది, తొందరగా పగలదు. కాని ఏ కర్ర అయినా తేమను పీల్చి ఉబ్బుతుంది. ఎచ్చెర్ల వంటి సముద్రతీరంలో వానాకాలంలో ఉబ్బిన కర్ర గొట్టాన్ని ఒక ప్రక్కకు నెట్టితే, వేసవిలో సరిగా తగిలిన గుండు భాద్రపదంలో జానెడు ప్రక్కకు పోవచ్చు. మడిచిన కాగితాన్ని గొట్టం క్రింద దూర్చి, కర్ర పొడవునా అడ్డు లేకుండా జరుగుతుందేమో చూచుట ఒక సులభ పరీక్ష. పాత సైనిక ఎన్‌ఫీల్డులకు మాత్రం ఇది వర్తించదు. వాటిలో కొంత ఒత్తిడిని కావాలనే ఉంచారు. పలుచని చెక్కలను పొరలుగా అతికించిన స్టాక్ తక్కువగా ఉబ్బుతుంది. ప్లాస్టిక్ జాతి స్టాక్ అసలే ఉబ్బదు, కాని తేలికగా ఉన్నది ఎక్కువగా తన్నుతుంది.

సంరక్షణ

ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. వాడినా వాడకపోయినా వానాకాలంలో వారానికొకసారి గొట్టం లోపల, బయట పలుచగా నూనె పూయాలి. కర్రకు మరిగించిన అవిసె నూనె వాడుక. తోలు సంచిలో తుపాకీని నెలల తరబడి ఉంచరాదు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. తూటాలను తుపాకీతో పాటు కాక వేరే చోట, తాళం వేసి ఉంచాలి.