దస్త్రం అంటే తాతయ్యకు తెలుసు, నాకు తెలీదు

మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది లినక్స్ కెర్నెలే. 1991లో ఫిన్లాండ్‌లో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ దాన్ని మొదలుపెట్టాడు. ఫోన్లో ఇంత సులువుగా ఉన్న లినక్స్, కంప్యూటర్లో మాత్రం కష్టమని ఎందుకంటారు?

ఒక కారణం: ఫోన్లో సిస్టమ్ వేసే వస్తుంది. కంప్యూటర్లో చాలాసార్లు మనమే వేసుకోవాలి. 2004లో మొదలైన ఉబుంటు ఈ కష్టం తగ్గించాలనే చూసింది. కొన్నేళ్లు సీడీలు కూడా ఉచితంగా ఇంటికి పంపింది.

రెండో కారణం భాష. మన హైదరాబాద్‌లో 'స్వేచ్ఛ' వాళ్లు డెబియన్ ఆధారంగా తెలుగు సిస్టమ్ చేశారు. గ్నోమ్ డెస్క్‌టాప్‌నీ వాలంటీర్లు తెలుగులోకి తెచ్చారు.

చీమకుర్తిలో మా ఇంటి పాత కంప్యూటర్లో లినక్స్ వేసి, భాష తెలుగు పెట్టా. మెనూలో 'దస్త్రం' అని వచ్చింది. నాకు అర్థం కాలా. వెనక నుంచి తాతయ్య, "ఒరే అబ్బాయ్, కరణంగారి కాగితాల కట్టరా అది!" అన్నాడు. అంటే ఫైల్!

1984లో కరణాల ఉద్యోగాలు రద్దయ్యాయి. వాళ్ల మాట కంప్యూటర్లో బతికింది. కంప్యూటరంటేనే భయపడే తాతయ్య ఆ రోజు మౌస్ పట్టుకున్నాడు. నేనేమో మళ్లీ ఇంగ్లీషుకి మార్చుకున్నా.

సులువు అనేది ఒక్క సిస్టమ్‌లోనే ఉండదు ఫ్రెండ్స్, ఎవరికి అలవాటైన మాట అన్నదాంట్లోనూ ఉంటుంది. ఆ అనువాదాల్లో మనమూ చేయి వేయొచ్చు. మీరైతే ఏం రాస్తారు, ఫైలా, దస్త్రమా?